ఏకగ్రీవ తీర్మానం

ఆ చలికాలం ఆర్డిస్ థోర్సెన్ ఇంట్లో ఫోను మోగని పూట లేదు. దేశానికి అధ్యక్షులం కావాలని బయల్దేరినవాళ్ళు అరడజను మంది. దేశంలో అన్నిటికంటే ముందు ఓటేసే రాష్ట్రం కాబట్టి అందరికీ ముందు అయోవాయే కావాలి. అయోవాలోనూ హోల్మ్‌గ్రోవ్ లాంటి ఊళ్ళలో ముసలివాళ్ళే కావాలి, ఎందుకంటే మంచు కురిసినా కాకస్‌కు, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఊరి సభకు, వచ్చేది వాళ్ళే. ఊళ్ళో మిగతావాళ్ళు అవతలి గొంతు వినగానే ఫోను పెట్టేసేవారు. ఆర్డిస్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేది. "ఎలా ఉన్నారండీ" అని అడిగిన పాపానికి ఆ ప్రచారం పిల్లలు పావుగంట సేపు వెండెల్ సంగతి వినవలసి వచ్చేది. చివరికి అందరూ ఒకటే అనేవారు, మీ మాట తప్పకుండా మా సెనేటర్‌గారి చెవిన వేస్తామని. గవర్నర్ మనుషులైతే గవర్నర్‌గారి చెవిన. ఆ చెవులకు ఇలాంటివి ఎన్ని చేరతాయో ఆర్డిస్‌కు తెలియనిది కాదు. అయినా ఇల్లంతా నోరు మూసుకుని కూర్చున్నప్పుడు, ఎవరో ఒకరు తనను పేరు పెట్టి పిలిస్తే ఆమెకు బాగుండేది.

వెండెల్ ఆమె భర్త. పార్కిన్సన్స్ జబ్బు వచ్చి మంచం పట్టాడు. ఆరడుగుల మనిషిని లేపి కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం తన ఒక్కదానివల్ల కాదని తేలాక ఆర్డిస్ అతన్ని ఊళ్ళోనే, లూథరన్ చర్చి వెనకున్న కేర్ హోమ్‌లో చేర్చింది. అలా మంచాన పడ్డ పెద్దవాళ్ళను చూసుకోవడానికి కౌంటీవాళ్ళు ఎప్పుడో కట్టించిన హోమ్ అది. ఇంటినుంచి రెండు వీధులు. రోజూ సాయంత్రం నడిచి వెళ్ళి, తన చేత్తో తినిపించి, కాసేపు పేపరు చదివి వినిపించి వచ్చేది. అతను ఇంట్లో లేడన్న లోటు ఉండేది కానీ, అతను లేడన్నట్టు ఉండేది కాదు.

అక్టోబరులో ఆ హోమ్ మూసేశారు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఖర్చుకు చాలడం లేదన్నారు, నర్సులు దొరకడం లేదన్నారు. తప్పు రాష్ట్రానిదని ఒకరు, వాషింగ్టన్‌దని ఒకరు టీవీలో గొంతు చించుకున్నారు. వాళ్ళ వాదం ఇంకా తెగకముందే వ్యాను వచ్చి వెండెల్‌ను ఏమ్స్ పట్నం అవతలున్న పెద్ద హోమ్‌కు తీసుకుపోయింది. కారులో రెండు గంటల దారి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి మంచులో అంత దూరం నడపలేదు కాబట్టి, రోడ్డు బాగున్న ఆదివారం మాత్రమే ఆర్డిస్ వెళ్ళేది. జనవరి మొత్తానికి అలాంటి ఆదివారం ఒక్కటే వచ్చింది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం ఫోను చేస్తే అక్కడి ఆయా వెండెల్ చెవి దగ్గర పట్టుకునేది. అతను కొన్నిరోజులు బాగా మాట్లాడేవాడు. కొన్నిరోజులు ఊపిరి మాత్రమే వినిపించేది. మాట్లాడినరోజు తప్పకుండా అడిగే మాట ఒకటుంది, ఎప్పుడు తీసుకెళ్తావని.

ఊళ్ళో హోమ్ భవనం తాళంతో అలాగే ఉంది. దాన్ని గోదాముల కంపెనీకి అమ్మేయాలా, మళ్ళీ తెరవాలా అన్నది మార్చిలో కౌంటీ బోర్డు తేల్చాలి. ఆర్డిస్ వెళ్ళి బోర్డు మెంబరును పట్టుకుంది. మనిషి మంచివాడే.

"నీ బాధ నాకు తెలీదా ఆర్డిస్," అన్నాడాయన. "కానీ బోర్డులో లేచి నిలబడి ఏం మాట్లాడను? ఒక ఆడమనిషి వచ్చి ఏడ్చిందని చెప్పనా? మీ ఊరి కాకస్‌లో తీర్మానం చేయించు. గదిలో ఇంతమంది చేతులెత్తారని అంకె రాయించి పట్రా. ఆ అంకె ఉంటే నాకు నోరు లేస్తుంది."

అప్పటినుంచి ఆర్డిస్‌కు ఆ అంకె తప్ప వేరే ధ్యాస లేదు. అధ్యక్షుడిగా ఎవరు వస్తే ఏమిటన్నట్టు తయారైంది. ఒకప్పుడైతే అలా కాదు. కాకస్ అంటే ఆ ఇంట్లో పండగే, ఎందుకంటే ముప్ఫై ఏళ్ళపాటు హోల్మ్‌గ్రోవ్ కాకస్‌కు అధ్యక్షత వహించింది వెండెలే. బ్యాలెట్ పెట్టె లేకుండా, రహస్యం లేకుండా, ఎవరికి ఓటో వాళ్ళ మూలకు నడిచి వెళ్ళి అందరూ చూస్తుండగా నిలబడే ఆ పద్ధతంటే అతనికి ప్రాణం. ఎటూ తేల్చుకోనివాళ్ళకు కూడా ఒక మూల ఉంటుంది. "బేరం ఆడాలనుకున్నవాడు ఆ మూలకు పోవాలి," అని వెండెల్ నవ్వుతూ చెప్పేవాడు. "రెండు పక్షాలవాళ్ళూ వచ్చి కాళ్ళు పట్టుకుంటారు."

ఫిబ్రవరి మొదటి సోమవారం సాయంత్రం, ఊరి బడి భోజనాల గదిలో, ఆర్డిస్ నేరుగా ఆ మూలకే వెళ్ళి నిలబడింది.

ఆ మూలలో ఆమె ఒక్కతే. ఎదుటి గోడ దగ్గర సెనేటర్ పక్షం. ఆ సెనేటర్ ఆడమనిషి. ఆమె తరఫున పెద్దరికం లవోన్‌ది, బ్యాంకులో పనిచేసే చలాకీ మనిషి. ఇటు హీటరు పక్కన గవర్నర్ పక్షం. వాళ్ళకు పెద్ద, బడి బాస్కెట్‌బాల్ కోచ్ డ్వేన్. సభాధ్యక్షుడి బల్ల దగ్గర నార్బర్ట్ క్లాసెన్, ఉత్తరాలు పంచి పంచి రిటైరైనవాడు, వెండెల్ తర్వాత ఆ కుర్చీ అందరూ వద్దంటే ఒప్పుకున్నవాడు. అతను కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి రెండుసార్లు తలలు లెక్కపెట్టాడు.

"అటు ఇరవై, ఇటు ఇరవై, కిటికీ దగ్గర ఒకరు," అన్నాడు. "కౌంటీ సభకు మన ఊరి ప్రతినిధుల స్థానాలు ఐదు. చెరి రెండు వచ్చాయి. ఒక్కరే ఉన్న మూలకు స్థానం ఉండదని మీ అందరికీ తెలుసు. ఆర్డిస్, పావుగంటలో నువ్వు ఎటో ఒక వైపు చేరాలి. ఎటు చేరితే ఐదోది అటు."

గదిలో చిన్న అలజడి పుట్టింది. అందరికంటే ముందు డ్వేన్ వచ్చాడు.

"టీచరుగారూ, ఆ కిటికీ పక్కన చలేయడం లేదా? ఇటు వచ్చేయండి, హీటరు మా వైపే ఉంది."

"రెండో తరగతిలో కూడా కిటికీ పక్క బెంచీ వద్దని నువ్విలాగే గోల పెట్టేవాడివి డ్వేన్."

అందరూ నవ్వారు. ఈలోగా లవోన్ పళ్ళెం పట్టుకుని రానే వచ్చింది.

"వాళ్ళ హీటరు మాట నమ్మకు ఆర్డిస్. చప్పుడే తప్ప వేడి ఉండదు, వాళ్ళ గవర్నర్‌కు మల్లే. ఇదిగో, పీనట్ బటర్ బార్లు చేసుకొచ్చాను, పైన చాక్లెట్ కూడా వేశాను."

"నీ బార్లు కొరికితే నా పళ్ళు ఊడతాయి."

"ఊడనీ. కట్టుడు పళ్ళకు కూడా మా సెనేటర్ దగ్గర పథకం ఉంది."

"ఉంటుంది, ఉంటుంది," అన్నాడు డ్వేన్. "దానికి డబ్బెక్కడిదని మాత్రం అడక్కండి టీచరుగారూ. ఆవిడకు కోపం వస్తుంది."

"మీవాడిలాగా పన్నులు తగ్గిస్తాను, ఆస్పత్రులు పెంచుతాను అని ఒకే నోటితో చెప్పదులే మా ఆవిడ."

వాళ్ళ వెనకే ఇంకో పదిమంది చేరారు. ఒకామె ఆర్డిస్ భుజం మీద చెయ్యి వేసింది. ఒకతను కాఫీ తెచ్చి ఇచ్చాడు, పాలు వేయమంటారా అని అడిగి మరీ. వాళ్ళలో చాలామంది అక్టోబరు తర్వాత ఆమె గడప తొక్కినవాళ్ళు కాదు. చెడ్డవాళ్ళని కాదు. వెండెల్ గురించి ఏం అడగాలో తెలియక, అడిగితే ఏం వినవలసి వస్తుందో అని, వీధికి ఆ పక్కగా తప్పుకున్నవాళ్ళు. ఇప్పుడు ఒక్క ఓటు కోసం అందరూ ఆమె చుట్టూ మూగారు. అది ఓటు కోసమేనని ఆర్డిస్‌కు తెలుసు. తెలిసి కూడా ఆమె ఒళ్ళు వెచ్చబడింది. ఈ పావుగంట ఇంకాస్త సాగితే బాగుండునని సిగ్గులేకుండా అనుకుంది.

"నాకు మీ పథకాలేవీ వద్దు," అంది చివరికి. "నా దగ్గర ఒక తీర్మానం ఉంది. మన హోమ్ భవనాన్ని అమ్మొద్దని, మళ్ళీ తెరవమని. దానికి చేతులెత్తే వైపు నేను చేరతాను."

"అదేం పెద్ద మాట," అన్నాడు డ్వేన్. "మా గవర్నర్‌గారు పల్లెల ఆరోగ్యం మీద పదహారు పేజీల ప్రణాళిక రాశారు. ఇలాంటి హోమ్‌ల సంగతి ఏడో పేజీలో ఉంది."

"ఏడో పేజీ దాకా వచ్చేసరికి వెండెల్ ఉండడు డ్వేన్."

డ్వేన్ మొహం ఎర్రబడింది. అతను మంచి పిల్లవాడే, ఆ మాట అలా తగులుతుందని అనుకోలేదు. లవోన్ పళ్ళెం పక్కన పెట్టి ఆర్డిస్ రెండు చేతులూ పట్టుకుంది.

"మా అమ్మ కూడా ఆ హోమ్‌లోనే కదా ఆర్డిస్ పోయింది. మా మూలలో ఉన్న ప్రతి చెయ్యీ నీదే. ఇరవైకి ఇరవై. ఒట్టు."

"మా చేతులు మాత్రం ఎక్కడికి పోతాయి టీచరుగారూ," అన్నాడు డ్వేన్. "మీరు ఎటు వెళ్ళినా దానికి మేం కాదంటామా?"

అంటే నలభై. నలభై ఒకటి, తనతో కలిపి. బోర్డు మెంబరు మొహం ఎలా మారుతుందో ఆర్డిస్ కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆమె లవోన్ చెయ్యి పట్టుకుని గది దాటి సెనేటర్ మూలకు నడిచింది. అటువైపు చప్పట్లు మోగాయి. ఇటువైపు డ్వేన్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నాటకంగా మూలిగాడు. అందరూ మళ్ళీ నవ్వారు.

ఇక్కడిదాకా అంతా వెండెల్ చెప్పిన దారిలోనే నడిచింది. తర్వాతే ఆర్డిస్ తప్పు చేసింది.

నార్బర్ట్ అంకెలు రాసుకుని, ప్రతినిధుల పేర్లు ఖాయం చేసి, చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాడు. "ఇక మిగిలింది ఆర్డిస్ తీర్మానం ఒక్కటే. కానీ ఫలితం కోసం రాష్ట్ర పార్టీవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. ఫోనులో చెప్పేస్తే ఓ పనైపోతుంది. పది నిమిషాలు. ఆర్డిస్, ముందు నీది పెట్టేయమంటావా, ఫోను అయ్యాక పెట్టమంటావా?"

నలభై మొహాలు ఆమె వైపు తిరిగాయి. కిటికీ బయట మంచు మొదలైంది. ఒకతను కోటు ఒక చేతికి తొడిగి, రెండో చెయ్యి తొడగాలా వద్దా అని ఆగి చూస్తున్నాడు. ముందు నాదే పెట్టు అని అనవలసిన చోటది. అన్నా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ హోల్మ్‌గ్రోవ్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట గొంతు దాటదు. ఆ ఊరి మొహమాటం అలాంటిది. అక్కడ కాలు విరిగినవాడు కూడా అంబులెన్సు డ్రైవరుతో, పర్లేదు, నీ భోజనం అయ్యాకే బయల్దేరుదాం అంటాడు.

"నాదేముంది నార్బర్ట్," అంది ఆర్డిస్. "ముందు నీ పని కానీ. నా మూలంగా ఎవరూ ఇబ్బంది పడొద్దు."

జనం కూర్చుని ఉన్నప్పుడే ఓటు పెట్టించాలని ముప్ఫై ఏళ్ళు చెప్పిన మనిషి ఆమె ఇంట్లోనే ఉండేవాడు. ఆ మాట ఆమెకు అప్పుడు గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చేసరికి మాట నోరు జారిపోయింది, నార్బర్ట్ ఫోను తీశాడు.

ఫోను కలవలేదు. కాదు, కలిసింది కానీ రాష్ట్రంలో ఉన్న కాకస్‌లన్నీ అదే వేళకు అదే నంబరుకు చేస్తుంటే, లైనులో ఉండమని చెప్పి అవతలివాళ్ళు పాట పెట్టారు. నార్బర్ట్ ఫోను చెవికి ఆనించుకుని పిల్లల బల్ల మీద కూర్చున్నాడు. పది నిమిషాలు గడిచాయి. ఇంకో పది గడిచాయి. మంచు పెద్దదైంది.

ముందుగా లేచినవాళ్ళకు ఇంట్లో చంటిపిల్లలున్నారు. వాళ్ళను ఎవరేమంటారు? తర్వాత లేచినవాళ్ళకు ఊరికి ఏడు మైళ్ళ అవతల ఇళ్ళున్నాయి. ఆ పైన లేచినవాళ్ళకు కారణం అక్కర్లేకపోయింది, అందరూ లేస్తున్నారు కదా. అయితే ఏ ఒక్కరూ దొంగచాటుగా జారుకోలేదు. ప్రతి ఒక్కరూ పనిగట్టుకుని ఆర్డిస్ దగ్గరికి వచ్చి చెప్పి మరీ వెళ్ళారు. ఆమెకు అదే ఎక్కువ కష్టమైంది.

"నా చెయ్యి కూడా లేచిందనుకో ఆర్డిస్."

"వెండెల్‌ను అడిగానని చెప్పు."

"నేను మాత్రం ఆ తీర్మానానికి వందసార్లు ఒప్పుకుంటానమ్మా, నార్బర్ట్‌తో చెప్పు."

"చెప్తాను," అంది ఆర్డిస్ అందరితోనూ. "చాలా థాంక్స్. జాగ్రత్తగా వెళ్ళండి, వంతెన దగ్గర జారుతుంది." లేని మనిషి చెయ్యి లెక్కకు రాదని వాళ్ళకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. డ్వేన్ వచ్చి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి, తెల్లారితే మ్యాచ్ ఉందని, పిల్లలను బస్సులో తీసుకెళ్ళాలని చెప్పాడు. వెళ్ళలేక వెళ్ళాడు, వెళ్ళాడు మాత్రం.

లవోన్ చివరిదాకా ఉంటుందని ఆర్డిస్ అనుకుంది. లవోన్ కూడా అలాగే అనుకుంది కాబోలు, రెండుసార్లు కోటు తొడిగి విప్పింది. అంతలో ఆమె మొగుడు బయటినుంచి హారన్ కొట్టాడు. ఆవు ఈనుతోందట, దూడ అడ్డం తిరిగిందట.

"ఆర్డిస్, నాకు తల కొట్టేసినట్టుంది," అంది. "ఒట్టు పెట్టాను. కానీ ఆయన ఒక్కడివల్ల కాదు."

"దూడ ఆగుతుందా లవోన్? వెళ్ళు. ఏం పర్లేదు."

లవోన్ మిగిలిన బార్లన్నీ పళ్ళెంతో సహా ఆమె ఒళ్ళో పెట్టి పరుగెత్తింది. తలుపు దానంతట అదే మూసుకుంది.

నార్బర్ట్ ఎట్టకేలకు ఫలితం చెప్పి, ఫోను పెట్టేసి తల ఎత్తేసరికి గదిలో ఇద్దరే ఉన్నారు. అతను చుట్టూ చూశాడు. తలకిందులుగా తిప్పి బల్లల మీద పెట్టిన చిన్న చిన్న కుర్చీలు, కాఫీ కప్పులు, నేల మీద బూట్ల తడి. అతను గొంతు సవరించుకుని, గది నిండా జనం ఉన్నప్పటి గొంతుతోనే మొదలుపెట్టాడు. నవ్వొచ్చే సంగతే. ఆర్డిస్‌కు నవ్వు రాలేదు.

"సభ మళ్ళీ మొదలైంది. తీర్మానం ప్రతిపాదించేవారు లేవండి."

ఆర్డిస్ లేచి చదివింది. నాలుగు వాక్యాలు. చదువుతున్నప్పుడు తన గొంతు గోడకు తగిలి తిరిగి తనకే వినిపించింది.

"బలపరిచేవారెవరైనా ఉన్నారా?" అన్నాడు నార్బర్ట్.

అన్నాక, తను ఏమడిగాడో అతనికే తట్టింది. రెండో మనిషి బలపరచకపోతే తీర్మానం ఓటుకే రాదు, అక్కడికక్కడే చచ్చిపోతుంది. రెండో మనిషి అంటే అతనొక్కడే. అతను అధ్యక్షుడు. కుర్చీలో ఉన్నవాడు బలపరచకూడదు. నార్బర్ట్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, చెక్క సుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు కూర్చో ఆర్డిస్. నేను దిగుతాను."

"ప్రతిపాదించింది నేను కదా నార్బర్ట్. నేనెలా కూర్చుంటాను?"

"అడ్డం చెప్పేవాళ్ళెవరు ఇక్కడ? కూర్చో."

ఆమె వెళ్ళి కూర్చుంది. వెండెల్ ముప్ఫై ఏళ్ళు కూర్చున్న చోటది. అక్కడినుంచి చూస్తే గది చాలా పెద్దగా కనిపించింది. నార్బర్ట్ ఒక చిన్న కుర్చీ దించుకుని మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, చెయ్యెత్తాడు.

"అధ్యక్షురాలుగారూ, నేను బలపరుస్తున్నాను."

"చర్చ ఉందా?" అంది ఆర్డిస్. అలా అడగాలని ఆమెకు తెలుసు. మూడు నిమిషాల మాటలు ఆమె వారం రోజులుగా అద్దం ముందు చెప్పుకుంది. ఇప్పుడు అధ్యక్ష స్థానంలో ఉంది కాబట్టి తను మాట్లాడకూడదు. అయినా ఎవరికి చెప్పాలని?

"ఉంది," అన్నాడు నార్బర్ట్, ఆమె అనుకోకుండా. కాసేపు నేల చూశాడు. "మా ఆవిడ మార్లిస్ ఆ హోమ్‌లో రెండేళ్ళుంది. ఆఖరికి నన్ను గుర్తుపట్టేది కాదు. అయినా మధ్యాహ్నం పూట ఉత్తరాల సంచీ భుజానేసుకుని అలాగే లోపలికి పోయేవాణ్ణి. పోస్ట్‌మాన్ వచ్చాడనుకుని నవ్వేది. అది దారిలో ఉంది కాబట్టి ఆ నవ్వు నాకు దక్కింది. ఏమ్స్ అవతల ఉంటే దక్కేది కాదు. అంతే నేను చెప్పేది."

ఇదే మాట నలభై మంది ముందు పడి ఉంటే ఎలా ఉండేదో అనుకుంది ఆర్డిస్. అనుకుని, పద్ధతి ప్రకారం అడిగింది.

"అనుకూలురు?"

నార్బర్ట్ చెయ్యి లేచింది. ఆమె తన చెయ్యీ ఎత్తింది.

"వ్యతిరేకులు?"

అడగకుండా ఉండకూడదు కాబట్టి అడిగి, ఆగాల్సినంతసేపూ ఆగింది. ఖాళీ బల్లలు కాదనలేదు.

నార్బర్ట్ మళ్ళీ తన చోటికి వచ్చి కలం తీశాడు. "ఏకగ్రీవంగా ఆమోదం పొందింది అని రాస్తాను. అందులో అబద్ధం లేదు."

"బోర్డు మెంబరు అంకె అడుగుతాడు నార్బర్ట్."

"అడిగితే అప్పుడు చూద్దాం."

అతను ఆమె కారు అద్దాల మీద మంచు గీకి, ఆమె ఇంటి మలుపు తిరిగేదాకా వెనకే తన కారులో వచ్చాడు.

మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఫోను మోగలేదు. అధ్యక్షులు కావాలనుకున్నవాళ్ళు విమానాలెక్కి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. ఆర్డిస్ బాగోగులతో ఇక ఎవరికీ పని లేదు. తనే బోర్డు మెంబరుకు చేసింది.

"ఏకగ్రీవమా? బ్రహ్మాండం," అన్నాడాయన. "ఎంతమంది?"

"ఇద్దరు."

"సరే ఆర్డిస్," అన్నాడు, చాలా మెల్లగా. "బోర్డుకు కాగితం అందజేస్తాను." అలా మెల్లగా మాట్లాడేవాళ్ళు ఆసరా ఇవ్వరని ఆమెకు అర్థమైంది. ఫోను పెట్టేశాక, లవోన్ ఇచ్చిన బార్లలో ఒకటి తీసుకుని నిలబడే తింది. చాలా బాగుంది. ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం వెండెల్‌కు చేసేలోగా మొహం కడుక్కుని, చెప్పాల్సింది కూడదీసుకుంది. ఇద్దరన్న మాట అతనికెందుకు? మంచాన ఉన్న మనిషికి మంచి కబురు చాలు. ఆయా ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. ఈరోజు బాగానే ఉన్నారు, పొద్దుటినుంచి మాట్లాడుతున్నారని కూడా చెప్పింది.

"వెండెల్, తీర్మానం నెగ్గింది," అంది ఆర్డిస్. "ఏకగ్రీవంగా. ఒక్కరంటే ఒక్కరు కూడా కాదనలేదు."

అవతల ఊపిరి వినిపించింది. "ఏకగ్రీవం," అన్నాడు వెండెల్. ఆ మాట పలకడానికి అతనికి చాలాసేపు పట్టింది. సంతోషించాడనే ఆమె అనుకుంది. "ఎవరు బలపరిచారు?"

ఈ ప్రశ్న వస్తుందని ఆమె ఊహించలేదు. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి.

"నార్బర్ట్."

"నార్బర్ట్ అధ్యక్షుడు కదా."

"అవును."

"అధ్యక్షుడు బలపరచకూడదు."

"కుర్చీ దిగే బలపరిచాడులే. పద్ధతి ప్రకారమే జరిగింది."

మళ్ళీ ఊపిరి. పక్క మంచం దగ్గరెక్కడో టీవీ మాట్లాడుతోంది.

"కుర్చీలో ఎవరు కూర్చున్నారు మరి?"

లవోన్ అని చెప్పొచ్చు. డ్వేన్ అని చెప్పొచ్చు. ఎవరి పేరు చెప్పినా సరిపోయేది. యాభై ఏళ్ళు అబద్ధం చెప్పని చోట ఆమెకు అబద్ధం దొరకలేదు.

"నేను."

"ప్రతిపాదించింది నువ్వు కదా."

"నేనే."

వెండెల్ ముప్ఫై ఏళ్ళు ఆ గదిని చూసినవాడు. అధ్యక్షుడు కుర్చీ దిగి, ప్రతిపాదించిన మనిషే కుర్చీ ఎక్కాలంటే గదిలో ఎంతమంది ఉండి ఉంటారో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"అందరూ వెళ్ళిపోయారన్నమాట," అన్నాడు.

ఆర్డిస్ ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నేనుంటే చివరిదాకా కూర్చునేవాణ్ణి ఆర్డిస్."

"నువ్వే ఇక్కడుంటే ఆ తీర్మానంతో నాకేం పని వెండెల్," అంది ఆమె.